పదకొండు రోజుల దారి: యువ రచయితకు ఒక లేఖ

ప్రియమైన తమ్మునికి,

వందనములు.

ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం విడిచిన ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశమైన కనాను చేరకుండా అరణ్యంలో అంతకాలం ఎందుకు తిరగవలసి వచ్చిందన్న నీ వ్యాసం పోయిన వారం అందింది. మొదటిసారి ఏకబిగిన చదివాను, రెండవసారి బైబిలులోని సంఖ్యాకాండమును, ద్వితీయోపదేశకాండమును పక్కన తెరచి పెట్టుకొని చదివాను. భాష బాగుంది. వాక్యాన్ని ఎక్కడ ఆపాలో నీకు తెలుసు, అది ఒకరు చెబితే వచ్చే విద్య కాదు. అయితే రెండవ విడతలో పెన్సిలు చాలాసార్లు చేతికి తీసుకోవలసి వచ్చింది. గుర్తు పెట్టిన చోట్ల గురించి మార్జినులో పట్టేటట్లు లేదు కనుక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టు.

నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "పదకొండు రోజుల్లో చేరవలసిన కనానుకు చేరడానికి వారికి నలభై ఏళ్లు పట్టింది" అని ఎత్తుకున్నావు. ఈ వాక్యం నీది కాదు. కన్వెన్షన్ పందిళ్లలోనూ ఉజ్జీవ కూటాలలోనూ నీవూ నేనూ పుట్టినప్పటి నుండి వింటున్నది, నీ వయసులో నేనూ వ్రాసి చప్పట్లు కొట్టించుకున్నది. ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయంలో ఉన్న సంగతి వేరు. హోరేబు, అంటే సీనాయి కొండ, నుండి శేయీరు మన్నెపు దారిన కాదేషు బర్నేయకు పదకొండు దినాల ప్రయాణమని మాత్రమే అక్కడ ఉంది. అది ఐగుప్తు నుండి లెక్క కాదు, కనాను అంచున ఉన్న యొర్దాను నది దాకా లెక్కా కాదు. ఇక ఆ పదకొండు దినాల దారిని వారు ఎంతకాలంలో నడిచారో చూడు. రెండవ సంవత్సరం రెండవ నెల ఇరవయ్యవ దినాన సీనాయి నుండి బయలుదేరారు. దారిలో మాంసం కోసం గొడవపడి కొన్నాళ్లు, వారి నాయకుడు మోషే అక్క మిర్యాముకు కుష్ఠు సోకినందువల్ల ఏడు దినాలు ఆగారు. ఇన్ని ఆటంకాల తరువాత కూడా ద్రాక్షలు తొలికాపు పండే నాటికి కాదేషులో ఉన్నారు, అక్కడి నుండే వేగులవారిని పంపారు. అంటే ఐగుప్తు విడిచి ఏడాదిన్నర తిరగకముందే వాగ్దాన దేశపు గడప దగ్గర నిలబడ్డారు. దారి తప్పిన వారు కారు, నడవలేక వెనుకబడిన వారూ కారు. నీ వ్యాసంలో నాలుగు పేజీలు "దారి తెలియక దిక్కులేక" తిరిగిన జనం కథ ఉంది. ఆ జనానికి పగలు మేఘం, రాత్రి అగ్ని దారి చూపుతున్నాయి కదా! దారి తెలియకపోవడం వారి కష్టాలలో ఒకటి కాదు.

కనుక ప్రశ్ననే మార్చుకోవాలి. ఇంత త్వరగా వచ్చిన వారు గడప దాటకుండా ముప్పై ఎనిమిదేళ్లు బయట ఎందుకు ఉండిపోయారు? ముప్పై ఎనిమిది అనే అంకె నాది కాదు. కాదేషు బర్నేయలో నుండి బయలుదేరి జెరెదు వాగు దాటేవరకు అన్నేళ్లు గడిచాయని ద్వితీయోపదేశకాండము రెండవ అధ్యాయమే చెబుతుంది. నలభై అనే గుండ్రని సంఖ్య వెనుక ఈ ముప్పై ఎనిమిది దాగి ఉంది, నీ వ్యాసానికి ప్రాణం అక్కడ ఉంది.

ఆ సంగతి నాకు తెలియజెప్పింది ఏ పండితుడూ కాదు. నా మొదటి వ్యాసాన్ని మా ఊరి ఆదివారపు కూడికలో చదివి వినిపించాను. ఇశ్రాయేలీయులను ఏకి పారేశాను, సణుగుడు జనమన్నాను, లోబడనొల్లని మెడ అన్నాను. అయిపోయాక చదువురాని ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చి, "పెద్దోళ్లు తప్పు చేశారు, పోయారు. మరి పిల్లలేం చేశారు నాయనా, అన్నేళ్లూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి సంఖ్యాకాండము పదునాలుగవ అధ్యాయాన్ని మొదటిసారి నిజంగా చదివాను.

నీవు కూడా ఆ అధ్యాయంలోని రాత్రి దగ్గరకు వెళ్లాలి. పన్నెండు మంది వేగులవారు నలభై దినాలు దేశమంతా చూసి వచ్చారు. ఎష్కోలు లోయలో కోసిన ఒక్క ద్రాక్షగెలను ఇద్దరు మనుషులు దండెతో మోసుకొచ్చారు, దానిమ్మలూ అంజూరపు పండ్లూ తెచ్చారు. దేశం మంచిదని పన్నెండు మందీ ఒప్పుకున్నారు. ఈ విషయం నీ వ్యాసంలో లేదు. కాలేబు, యెహోషువ తప్ప మిగిలిన పదిమంది అబద్ధమాడారని వ్రాశావు. వారు మొదట చెప్పిన సంగతులు నిజమే, ప్రాకారాలున్న పట్టణాలు గొప్పవే, అనాకీయులనే దీర్ఘకాయులు ఉన్నమాటా నిజమే. చెడ్డ సమాచారం ఆ తరువాత మొదలైంది. ఆ దేశం తన నివాసులను మింగేస్తుందన్నారు, అక్కడి వారంతా మహాకాయులన్నారు, చివరకు "మా దృష్టికి మేము మిడతలవలె ఉంటిమి" అన్నారు. ఈ మాటను నీవు ఉదాహరించావు గాని ఒక్క వరుసలో దాటిపోయావు. తమ్ముడూ, అక్కడ ఆగు. శత్రువుల దృష్టికి మిడతల్లా ఉన్నామన్న మాట ఆ తరువాతిది, తమ దృష్టికే మిడతల్లా ఉన్నామన్నది ముందటిది. నాలుగు వందల ఏళ్లు పరాయి దేశంలో ఉండి, చివరకు ఇటుకలు చేసి, గడ్డి ఇవ్వకపోయినా లెక్క తగ్గకూడదన్న కొరడా కింద వంగిన జనం తనను తాను చూసుకొనే చూపు అది.

ఆ రాత్రంతా వారు ఏడ్చారు. ఈ అరణ్యంలోనే చచ్చినా బాగుండేదన్నారు, మా భార్యలూ పిల్లలూ కొల్లపోతారన్నారు, నాయకుణ్ణి ఏర్పరచుకొని ఐగుప్తుకు తిరిగి పోదామన్నారు. తీర్పు ఆ మాటల్లోనే ఉంది. మీరు నా చెవిలో చెప్పినట్లే చేస్తానని దేవుడు అన్నాడు. అరణ్యంలో చావాలని కోరిన వారు, ఇరవై ఏళ్లు మొదలుకొని పై వయసున్న వారు, అరణ్యంలోనే రాలిపోతారు. కొల్లపోతారని ఎవరి గురించి భయపడ్డారో ఆ పిల్లలే దేశంలో ప్రవేశిస్తారు. దేశాన్ని చూసి వచ్చిన నలభై దినాలకు దినానికొక ఏడు చొప్పున నలభై ఏళ్లు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడ్డ మాట అనకురా అని ఇంట్లో పెద్దలు గద్దించడం వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ చోట వెన్ను జలదరిస్తుంది. దానికి నీవు ఒక్క విశేషణం కూడా చేర్చనవసరం లేదు. నీవు చేర్చినవి ఏడు. ఏడూ కొట్టేశాను.

ఇంకొక్క సంగతి ఆ అధ్యాయంలోనే ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. మోషే ప్రార్థించినప్పుడు దేవుడు క్షమించానన్నాడు. క్షమించిన తరువాత తీర్పు చెప్పాడు. క్షమాపణ దొరికింది, ప్రవేశం దొరకలేదు. నీవు దీన్ని ఒక్క "కోపం" అనే మాటతో ముగించావు. కోపం ఉన్నమాట నిజమే గాని, కోపం ఒక్కటే అయితే మరునాటి నుండి కూడా ఆకాశపు ఆహారమైన మన్నా ఎందుకు కురిసింది? బట్టలు పాతగిలలేదనీ కాళ్లు వాయలేదనీ మోషే ఆ జనం పిల్లలకే చివరి ఏట గుర్తు చేశాడు. శిక్ష అనుభవిస్తున్న వారికి రోజూ ఉదయాన్నే ఇంటి ముంగిట భోజనం పెట్టిన ఈ విచిత్రాన్ని నీ వ్యాసం ఎక్కడో ఒకచోట ఎదుర్కోవాలి.

తీర్పు విన్న మరునాడు వారు ఏం చేశారో కూడా వ్రాయి. తెల్లవారుజామునే లేచి, ఇప్పుడు వెళతామంటూ కొండెక్కారు. మోషే రాలేదు, దేవుని సన్నిధికి గుర్తైన మందసము పాళెము విడిచి కదల్లేదు. అమాలేకీయులూ కనానీయులూ దిగివచ్చి హోర్మా వరకు తరిమికొట్టారు. వెళ్లమన్నప్పుడు వెళ్లలేదు, వద్దన్నప్పుడు వెళ్లారు. నిన్నటి భయమూ నేటి తెగువా ఒకే గుండెలోనివని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, నీకు నచ్చకపోతే వదిలేయి.

ఇక ఆ ముప్పై ఎనిమిదేళ్లు. నీవు అక్కడ చేసిన పనే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఎండలు, తేళ్లు, ఇసుక తుఫానులు, ఏడుస్తున్న తల్లులు అంటూ మూడు పేజీలు నింపావు. గ్రంథం ఆ కాలం గురించి దాదాపు ఏమీ చెప్పదు. పదునాలుగవ అధ్యాయంలో తీర్పు ఉంది, ఇరవయ్యవ అధ్యాయం మొదటి వచనంలో మొదటి నెలలో మిర్యాము కాదేషులో చనిపోయింది. ఏ ఏడాదో కూడా ఆ వచనం చెప్పదు. మోషే అన్న అహరోను నలభయ్యవ సంవత్సరం అయిదవ నెల మొదటి దినాన హోరు కొండ మీద చనిపోయాడని ముప్పై మూడవ అధ్యాయంలో ఉన్నందువల్ల మాత్రమే మనం లెక్క కట్టుకోగలుగుతున్నాము. ఒక తరం మొత్తం ఆ మధ్య అధ్యాయాల సందులో కనబడకుండా రాలిపోయింది. మధ్యలో మిగిలినవి మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటు, విశ్రాంతి దినాన కట్టెలు ఏరిన మనిషి, చిగిర్చి బాదముపండ్లు కాసిన అహరోను కర్ర, కొన్ని ఆజ్ఞలు. వ్రాసినవాడు మౌనంగా ఉన్న చోట మనం గొంతు పెంచకూడదు. అక్కడ మౌనంగా ఉన్నాడన్న సంగతినే చెప్పు, పాఠకుడు తానే ఆ ఖాళీలోకి చూస్తాడు.

"తిరిగారు" అన్న మాట కూడా ఆలోచించి వాడు. వినగానే రోజూ నడుస్తూనే ఉన్నారనిపిస్తుంది. ముప్పై మూడవ అధ్యాయంలోని మజిలీల పట్టికను యూదు సంప్రదాయం నలభై రెండుగా లెక్కించింది. పదకొండవ శతాబ్దపు వ్యాఖ్యాత రషీ ఆ లెక్కను విడగొట్టి చూపాడు. పద్నాలుగు మజిలీలు మొదటి ఏటివి, ఎనిమిది అహరోను మరణానంతరం చివరి ఏటివి, కనుక మధ్యనున్న ముప్పై ఎనిమిదేళ్లకు మిగిలినవి ఇరవై. సగటున రెండేళ్లకొక కదలిక. అందులోనూ కాదేషులోనే బహుకాలం ఉన్నారని మోషే చెబుతున్నాడు. అంటే ఆ కాలమంతా ఎక్కువగా గుడారాల ముందు కూర్చొని ఎదురుచూడడమే, మేఘం ఎత్తబడేవరకు రెండు దినాలైనా, నెల అయినా, ఏడాది అయినా కదలకూడదు. నడకలోని కష్టాన్ని ఎవరైనా వర్ణిస్తారు. కూర్చున్న కష్టం నీవు వ్రాయగలవేమో ప్రయత్నించు.

పెద్దమ్మ అడిగిన పిల్లల సంగతి కూడా ఆ పదునాలుగవ అధ్యాయంలోనే ఉంది. మన తెలుగు బైబిలులో వారు అరణ్యంలో తిరుగులాడుతారని ఉన్న చోట హీబ్రూ మూలంలోని మాటకు గొర్రెల కాపరులుగా ఉంటారని అర్థం. తండ్రులు ఇటుకల పనివారు, కొడుకులు కాపరులు. తండ్రులకు ఐగుప్తు దోసకాయలు, కీరకాయలు, ఉల్లి, వెల్లుల్లి గుర్తున్నాయి, కొడుకులకు గుర్తుండడానికి ఐగుప్తు ఏదీ? పన్నెండవ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు తత్త్వవేత్త ఈ విషయాన్నే పట్టుకున్నాడు. మట్టిలోనూ ఇటుకల్లోనూ పెరిగిన దాసుడు చేతులు కడుక్కొని వెంటనే మహాకాయులతో యుద్ధానికి దిగడం మనిషి స్వభావంలో లేదనీ, అందుకే వారు ధైర్యం అలవడేవరకు అరణ్యంలో నడిపించబడ్డారనీ అతని వాదన. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక అవిశ్వాసముచేతనే వారు ప్రవేశింపలేకపోయిరని తేల్చింది. నీవు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకొని రెండవదాన్ని తోసిపుచ్చావు. నా మటుకు నాకు మిడతల మాటలో రెండూ ఒకేచోట కనిపిస్తాయి. దాస్యం అలవాటు చేసిన చూపు ఉంది, సముద్రం చీలడం కళ్లారా చూసి కూడా ఆ చూపును వదులుకోని మొండితనమూ ఉంది.

మొదటి చుట్టుదారిని దీనితో కలపవద్దు. ఐగుప్తు నుండి ఫిలిష్తీయుల దేశం మీదుగా సముద్రతీరం వెంట దగ్గరి దారి ఉన్నా దేవుడు వారిని అటు నడిపించలేదు, యుద్ధం చూసి మనసు మార్చుకొని ఐగుప్తుకు తిరిగిపోతారేమోనని. నిర్గమకాండము పదమూడవ అధ్యాయం ఈ కారణాన్ని సూటిగా చెబుతుంది. ఆ తీరపు దారిలో ఐగుప్తు వారి కోటలు వరుసగా ఉండేవన్నది చరిత్రకూ తెలిసిన విషయమే, కర్నాకు ఆలయపు గోడ మీద ఐగుప్తు రాజు మొదటి సేతి చెక్కించిన యుద్ధ చిత్రాలలో అవి కనిపిస్తాయి. అది జాలితో తిప్పిన మలుపు. నలభయ్యవ ఏట ఎదోము రాజు దారి ఇవ్వనన్నప్పుడు చుట్టూ తిరిగిపోవలసి వచ్చింది, అది బంధుజనమే అడ్డు చెప్పినందువల్ల వచ్చిన మలుపు. ముప్పై ఎనిమిదేళ్ల నిలుపుదల ఈ రెండింటి వంటిది కాదు. మూడింటినీ ఒక పేరాలో కలిపి "అవిధేయత ఫలితం" అనేశావు. మూడుచోట్లా మూడు కారణాలు గ్రంథంలోనే ఉండగా మనమెందుకు కుదించాలి?

చిన్న చిన్నవి మరికొన్ని. "దట్టమైన చెట్ల నడుమ" అని ఒకచోట పడింది. అది మన అరణ్యం అనే మాట చేసిన మోసం. తెలుగు చెవికి అరణ్యమంటే దండకారణ్యం, నల్లమల. వారున్నది నీరు దొరకడమే వార్త అయిన బయలు నేల, అందుకే ఎలీములో పన్నెండు నీటిబుగ్గలనూ డెబ్బది ఈతచెట్లనూ లెక్కపెట్టి మరీ వ్రాసుకున్నారు. బైబిలు మాటను మార్చమనడం లేదు, మొదటి పేజీలోనే ఆ నేల ఎటువంటిదో రెండు వాక్యాల్లో చూపించు. పాండవుల అరణ్యవాసంతో పోల్చిన పేరా అందంగా ఉంది, కాని ఆ వనవాసులు గడువు తీరాక తమ రాజ్యం కోసం తామే తిరిగి వచ్చారు. ఇక్కడ గడువు తీరడమంటే ఆ మనుషులు తీరిపోవడం. ఆ తేడా చెప్పేటట్లయితే పోలిక ఉంచు, లేకుంటే తీసేయి.

"తవ్వకాలు నిరూపించాయి" అన్న వాక్యం మాత్రం తప్పక తీసేయి. కాదేషు బర్నేయగా ఎక్కువమంది పండితులు గుర్తించే చోటు ఈశాన్య సీనాయిలోని ఐన్ ఎల్ ఖుదేయిరాత్ అనే నీటిబుగ్గ దగ్గరి దిబ్బ. 1976 నుండి 1982 వరకు అక్కడ జరిగిన తవ్వకాల్లో ఇశ్రాయేలు రాజుల కాలపు కోటలు బయటపడ్డాయి, నిర్గమ తరానివని చెప్పదగిన ఆనవాళ్లు దొరకలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పు. గుడారాల్లో బ్రతికిన వారు గోడలు మిగల్చరని వాదించేవారూ ఉన్నారు, ఇంత పెద్ద జనం ఏ గుర్తూ మిగల్చకుండా ఉండదని వాదించేవారూ ఉన్నారు. నీ వ్యాసం గ్రంథం చెప్పిన కారణం గురించి కనుక ఆ తగవును తీర్చే భారం నీ మీద లేదు.

జనసంఖ్య దగ్గర నీవు చేసిన పని నాకు నచ్చింది. మొదటి లెక్కలో యుద్ధానికి తగిన పురుషులు 6,03,550 మంది, మోయాబు మైదానాల్లో రెండవ లెక్కకు 6,01,730 మంది. తేడా 1,820 మాత్రమే. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, కాలేబు, యెహోషువ తప్ప మొదటి లెక్కలోని ఒక్కడూ రెండవ లెక్కలో లేడన్న వచనంతో పేరా ముగించావు. వ్యాఖ్యానం లేకుండా ముగించడం ఇంకా బాగుంది. వ్యాసం మొత్తం ఆ పేరాలాగా ఉండాలని కోరుకుంటున్నాను.

మోషేను మాత్రం మరచిపోయావు. అన్ని ఏళ్లూ వారిని మోసినవాడు మెరీబా దగ్గర బండతో మాట్లాడవలసింది పోయి రెండుసార్లు కొట్టాడు, పిస్గా కొన నుండి దేశాన్ని కళ్లతో చూసి అక్కడే మరణించాడు. అతను బయట ఉండిపోయాడన్న సంగతి పక్కనుంటే జనాన్ని తిట్టే మన గొంతు దానంతటదే తగ్గుతుంది. ప్రవక్తల గొంతు కూడా విను. యిర్మీయా ఆ కాలాన్ని, విత్తని దేశంలో నా వెంట నడిచిన నీ యౌవన ప్రేమ అని తలచుకుంటాడు. హోషేయలో దేవుడు ఇశ్రాయేలును భార్యగా తలచి, ఆమెను మళ్లీ అరణ్యంలోనికి తీసుకొనిపోయి ప్రేమగా మాట్లాడతానంటాడు. అదే నలభై ఏళ్లు ఒకచోట మూర్ఖత్వం, ఒకచోట పెండ్లినాటి ప్రేమ. నీ వ్యాసంలో మొదటిదే ఉంది.

తీర్పు వెంటనే వచ్చే పదిహేనవ అధ్యాయం ఎలా మొదలవుతుందో ఒకసారి చూసుకో. మీరు నివసించే దేశంలో ప్రవేశించిన తరువాత, అంటూ మొదలవుతుంది. నైవేద్యానికి పిండి ఎంత, నూనె ఎంత, ద్రాక్షారసం ఎంత అన్న కొలతలు ఉంటాయి. వెళ్లలేరని ఇప్పుడే విన్న జనం ముందు, వారి పిల్లలు అక్కడి ద్రాక్షతోటల నుండి తేవలసిన కొలతలు చదువుతున్నారు. ఈ వరుసను చూసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. వ్యాసం మధ్యలో ఎక్కడైనా దీనికి చోటు చూడు.

చివరి పేజీ నీవు తిరిగి వ్రాయాలి. ఇప్పుడున్న ముగింపు ఉపదేశం. దాని బదులు తేదీలు చూడు. మొదటి నెల పదిహేనవ దినాన ఐగుప్తు విడిచారు, నలభై ఏళ్ల తరువాత మొదటి నెల పదవ దినాన యొర్దాను దాటారు, గిల్గాలులో ఐగుప్తు విడుదలను గుర్తుచేసే పస్కా పండుగ ఆచరించి ఆ దేశపు పంట తిన్న మరునాడు మన్నా ఆగిపోయింది. ఆ తరువాత యెహోషువ గ్రంథం పదునాలుగవ అధ్యాయానికి వెళ్లు. వేగుగా వెళ్లిన నాటికి నలభై ఏళ్లున్న కాలేబు ఎనభై ఐదేళ్ల వాడై వచ్చి, తన బలం అప్పటిలాగే ఉందంటూ ఒక కొండ అడుగుతాడు. అతను అడిగింది హెబ్రోను. వేగులవారు అనాకీయులను చూసి వచ్చిన ఊరు అదే, ద్రాక్షగెల కోసిన లోయ ఆ దరిదాపుల్లోదే, ఆ అనాకీయులు ఇంకా అక్కడే ఉన్నారు. నీ వ్యాసంలో కాలేబు పేరు రెండుసార్లే వచ్చింది. ఈసారి ప్రతి పంపేటప్పుడు అతణ్ణి ఎక్కడ నిలబెట్టావో నేను మొదట అదే చూస్తాను.

ప్రేమతో,
నీ అన్నయ్య